పుట్టింటి చీర పెన్న దాటిన రోజు

మొన్న జమ్మలమడుగు దగ్గర పెన్న వంతెన మీద మా కారు ఆగింది. ముందు ఒక ట్రాక్టరు, దాని నిండా పచ్చి జమ్ము. అప్పుడే కోశారేమో, కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి. అద్దం దింపగానే ఆ జమ్ము వాసనా, వంతెన మొదట్లో ఉన్న బంకులోంచి పెట్రోలు వాసనా కలిసి లోపలికి వచ్చాయి. విడివిడిగా ఆ రెండూ నాకు కొత్త కాదు. కలిసి తగిలింది మాత్రం చిన్నప్పుడు ఒకే ఒక్కసారి. బండి నడుపుతున్న మా తమ్ముడి కొడుకు "అద్దం ఎక్కించత్తా, ఏసీ అంతా పోతాంది" అన్నాడు. నేను ఎక్కించలేదు. ముద్దనూరులో చావింటికి పోతున్నాం, ఏసీకి వచ్చిన తొందరేముంది?

మా చిన్నతనంలో అక్కడ వంతెన లేదు. ఉన్నదల్లా ఏరు. ఎండాకాలం ఇసుక తెల్లగా కళ్లు మిరుమిట్లు గొలిపేది. దాని నడుమ దోసపాదులు, పాదులకు కాపలాగా బోదగడ్డి కప్పిన గుడిసెలు, పండిన దోసపండు వాసనకు చుట్టుపక్కల నక్కలన్నీ అక్కడే ఉండేవి. మేము చెలమలు తవ్వి దోసిళ్లతో తాగేవాళ్లం, తడి ఇసుకలో కాళ్లు కప్పుకుని పిట్టగూళ్లు కట్టేవాళ్లం, అరికాళ్లు కాలితే మోదుగాకులు తొక్కుకుంటూ ఇల్లు చేరేవాళ్లం. వానలు మొదలయ్యాక అదే ఇసుక మీదికి అనంతపురం దిక్కు నుంచి ఎర్రనీళ్లు వచ్చేవి. ఇక్కడ చినుకు కూడా పడకపోవచ్చు, ఎండ కాస్తూనే ఉండవచ్చు, ముందు ఒక చప్పుడు, తర్వాత నురగ, ఎండుకంప, ఎవరి దొడ్లోదో తడిక, ఆ వెనుక నీళ్లు. చుట్టం వచ్చినట్టు "ఏరొచ్చింది" అని ఊరంతా చెప్పుకునేవారు. అది తగ్గేదాకా ఆ గట్టు మనుషులు ఆ గట్టునే, ఈ గట్టు మనుషులు ఈ గట్టునే.

మా జేజి, అంటే నాయన తల్లి, సింహాద్రిపురం ఆడబిడ్డ. ఆమెకు ఒక్కతే చెల్లెలు, మాకు చిన్నజేజి. పెద్దామెను ఏటికి ఈవల జమ్మలమడుగులో ఇచ్చారు, చిన్నామెను ఆవల పులివెందులలో. తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు, ఉన్న ఒక్క అన్నా పిల్లలు లేకుండానే పోయాడు, సింహాద్రిపురంలో మట్టిమిద్దె కూలి అందులో తంగేడు మొలిచిందని అటు నుంచి వచ్చేవాళ్లు చెప్పేవారు. ఆ మాట విన్న రోజు జేజి అన్నం తినేది కాదు. పుట్టిల్లు లేని ఆడది ఎంత ముసలిదైనా ఆ ఒక్క విషయంలో పసిబిడ్డే అని నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు.

ఆంధ్ర రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో, ఉత్తర కార్తెలో, ఒక మనిషి మా వాకిట బయటే నిలబడి చిన్నజేజి మొగుడు పోయిన కబురు చెప్పాడు. కబురు తెచ్చినవాడు లోపలికి రాడు, మంచినీళ్లు తాగడు. ఏరు నిండుగా పారుతుంటే అతను అవతలి గట్టునే చిక్కుకుపోయాడట, మాకు తెలిసేసరికి అక్కడ దహనం కూడా అయిపోయింది. చెరుగుతున్న చేట అట్లాగే ఒళ్లో పెట్టుకుని జేజి "కడసారి మొగం గూడా సూడకపోతిని గదరా" అంది. ఆ తర్వాత ఇంట్లో అందరి తలలోనూ ఒకటే మిగిలింది, దినాల నాడు పులివెందులకు చేరేది ఎట్లా అని.

మావైపు దినాల నాడు మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడదానికి పుట్టింటివాళ్లు కొత్త చీర తెచ్చి భుజాల మీద కప్పుతారు. నిన్ను కన్న ఇల్లు ఇంకా ఉందమ్మా అని నలుగురి ముందూ చెప్పడం అది. పుట్టింటివాళ్లు రాకపోతే అత్తింటి వైపు ఎవరో ఒకరు కప్పి ఆ తంతు ముగిస్తారు, ఆ ఆడది బతికినంత కాలం పుట్టిల్లు లేని మనిషి అనిపించుకుంటుంది. మా తాత పోయినప్పుడు జేజికి ఆ చీర తెచ్చింది ఆమె అన్న, మండే ఇసుకలో మూట నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చాడట. ఇప్పుడు చిన్నజేజికి అన్న లేడు, ఇల్లు లేదు. పుట్టిల్లంటే ఇక మా జేజే.

ఇంకో కట్టుబాటూ ఉంది. దినాలకు పోయినవాళ్లు ఆ ఇంట రాత్రి ఉండకూడదు. పొద్దుగూకేలోపు ఏట్లో తలమునిగి సొంత గడప తొక్కాలి. ఎద్దులబండి మీద పులివెందులకు పోవడానికే ఒక పగలంతా పడుతుంది. ముద్దనూరు నుంచి బస్సు ఉందంటే ఉంది, లేదంటే లేదు. జేజికేమో మోకాళ్లు వంగవు. కాబట్టి కారు కావాలి. జేజి నోట ఆ మాట వినగానే మా నాయన స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఆయనది నిదానం. తలకు నూనె రాసుకోవాలా వద్దా అన్నది కూడా ఇద్దరిని అడిగి తేల్చుకునే మనిషి.

మా వీధి చివర మాబు అని ఒకాయన ఉండేవాడు. వాళ్ల నాయన పాత్రలకు కళాయి పూసేవాడు, ఈయన డ్రైవరీ నేర్చుకుని ఒక నల్లటి పాతకారు నడిపేవాడు. ముందు నుంచి ఇనుప హ్యాండిల్ తిప్పితే గానీ అది మేలుకునేది కాదు. పెళ్లి ఊరేగింపులకు, పెద్ద డాక్టరును తీసుకురావడానికి తప్ప ఆ కారును ఎవరూ పిలిచేవారు కాదు. మేము ఆయనను మాబుమామ అనేవాళ్లం. జేజి పిలిపిస్తే వచ్చి దొడ్లో రుబ్బురోలు మీద కూర్చున్నాడు.

ఆ దొడ్లో నాపరాయి బండ మీద జేజి బొగ్గుతో అడ్డంగా ఒక గీత గీసింది. అది పెన్న. నేను ఆడుకునే చింతపిక్కలు అడగకుండానే తీసుకుని గీతకు ఈవల ఒకటి పెట్టి జమ్మలమడుగు అంది, ఆవల ఒకటి పెట్టి ముద్దనూరు, రైలు గేటు అంది, ఇంకా దూరంగా, బండ అంచున, పులివెందుల. నున్నగా అరిగిన పిక్క ఒకటి ఏరుకుని అది కారంది. పొద్దు పొడిచేటప్పటికి ఎక్కడుండాలి, ఎండ నడినెత్తికి వచ్చేటప్పటికి ఎక్కడుండాలి, తిరుగుదారిలో గొర్రెల మందలు ఇళ్లకు మళ్లేటప్పటికి ఎక్కడుండాలి, అన్నీ ఆ పిక్కను జరుపుతూ చెప్పింది. బడి మొగం చూడని మనిషి, గడియారం లేని ఇల్లు. నాయన మాత్రం గీత దగ్గరే ఆగిపోయాడు.

"ఆ పొద్దుకు ఏరొస్తేనో?" అన్నాడు.

"నోరు ముయ్‌రా. అనగూడని మాట అంటాండావు" అంది జేజి.

మాబుమామ గడ్డం గోక్కున్నాడు. "ఫికర్ చేయాకండమ్మా. ఇప్పుడు నీళ్లు తీసినాయి, ఇసక తేలింది. ముందునాటి మాపే కారును ఆవలిగట్టున పెట్టొస్తా. పొద్దన్నే మీరు నడిచొచ్చినా సరే, ఆ యమ్మ వచ్చింటే పుట్టిలో వచ్చినా సరే, కారు మట్టుకు మీకోసరం ఆడనే ఉంటాది" అన్నాడు. ఏరు అనకుండా ఆ యమ్మ అన్నందుకు జేజి సంతోషించి ఆయనకు చెంబుతో మజ్జిగ ఇప్పించింది. నున్నటి పిక్కను గీత దాటించి అవతల పెట్టింది.

ఆ కొన్నాళ్లూ ఇంట్లో ఒక వింత సందడి. మామూలుగా ఊరికి పోవడమంటే మా ఇంట్లో ముందు వాసనలు మొదలయ్యేవి. ఓళిగలకు పూర్ణం రుబ్బడం, నేతిలో వేగే యాలకుల పొడి, చెనిక్కాయలు వేయించి దంచిన ఊరుబిండి, జొన్నరొట్టెలు బట్టలో చుట్టిన ఆవిరి. ఈసారి అవేవీ లేవు. చావింటికి తీపి తీసుకుపోకూడదు, అక్కడి నుంచి ఏదీ తెచ్చుకోకూడదు. పొయ్యి మీద కొర్రన్నం ఒక్కటే ఉడికింది. నాయన బస్సులో ప్రొద్దుటూరు పోయి చీర తెచ్చాడు, అంచు లేని నేతచీర, గంజి వాసన వేస్తూ బిరుసుగా ఉంది. జేజి దాన్ని విప్పి అంతా తడిమి, ఒక పోగు కూడా తెగలేదని తేల్చుకుని, మళ్లీ మడత పెట్టింది.

అమ్మ ఆ ప్రయాణానికి పనికిరాదు. కడుపుతో ఉన్న మనిషి ఏరు దాటకూడదు. జేజికి ఒకవైపు నాయన చేయి ఆసరా అయితే రెండోవైపు ఇంకొకరు కావాలి కదా, ఆ చేయి నాది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని జేజి నేర్పింది. అక్కడ ఎవరింట్లోకీ పోవద్దు, నవ్వద్దు, నీళ్లు తప్ప ఏదీ అడగొద్దు. అన్నిటికంటే ముఖ్యంగా, వచ్చేటప్పుడు చెప్పి రావద్దు. "ఏ ఇంట్లోనైనా పోయొస్తాం అని సెప్తాంగదా, ఆడ అట్ల అనగూడదు. సావింటికి మళ్లొస్తామంటే మళ్లా అట్లాంటిదే కావాలని కోరుకున్నట్టు. లేసి, ఎనక్కి సూడకుండా రావాల, అంతే." నేను మరిచిపోతానని భయపడి కుండ కడిగేటప్పుడూ జడ వేసేటప్పుడూ మళ్లీ మళ్లీ అడిగేది. నాకు ఆ మాట నోట్లో ముల్లులా నిలిచిపోయింది.

ముందురోజు సాయంత్రం కారు ఏరు దాటడం చూడటానికి ఊళ్లో సగంమంది గట్టు మీదికి వచ్చారు. ఇసుకలో కారు చక్రం కూరుకుపోతుంది. అందుకని ఏటి అంచున పెరిగిన జమ్ము కోసి మోపులుగా కట్టి చక్రాల ముందు పరిచారు. కారు వాటి మీదికి ఎక్కగానే వెనుక మిగిలిన మోపులను లాగి పరుగెత్తుకొచ్చి మళ్లీ ముందు పరిచేవారు. చక్రాల్లో గాలి సగం తీసేశారు. ఇంజను చాలక ఏట్లో తోలుపుట్టి నడిపే ఓబులేసు తన ఎద్దులు తెచ్చి కారుకు మోకు కట్టాడు. లోపల కూర్చుని చక్రం తిప్పుతున్న మాబుమామ మొగం మాడిపోయింది, కారుకు ఎద్దులు కట్టడం ఆయనకు తలకొట్టేసినట్టుగా ఉంది. చక్రాల కింద నలిగిన పచ్చిజమ్ము వాసన, వేడెక్కిన పెట్రోలు వాసన, చెమట పట్టిన ఎద్దుల వాసన. అవతలి గట్టెక్కి కారు ఒక్కసారి హారన్ కొట్టింది. ఇవతల మేమంతా అరిచాం, జేజి మాత్రం చేతులెత్తి ఏటికి దండం పెట్టింది.

తెల్లవారి చూస్తే ఏరొచ్చింది.

పెద్ద ఏరేమీ కాదు, మనిషి నడుముకు తగిలేటంత, కానీ ఇసుక ఎక్కడా కనబడటం లేదు. ఎర్రనీళ్లకు అవతల, పొద్దుటి వెలుతురులో, నల్లకారు చింతపిక్కంత కనబడుతోంది. నాయన గట్టు మీద కూలబడ్డాడు. "పోవద్దుమ్మా, చీర మాబుకు పంపుదాం, వాడు ఇచ్చేసి వస్తాడు" అన్నాడు. జేజి ఆయన వైపు చూడనుకూడా లేదు. "పుట్టిల్లంటే చీర గాదురా, మనిషి" అంది. పుట్టి అంటే గుండ్రటి వెదురుబుట్టకు తోలు బిగించింది. దాంట్లో కూర్చుంటే ముందూ వెనుకా తెలియదు, తిరుగుతూనే పోతుంది. పుట్టిని చూస్తేనే కళ్లు తిరుగుతాయనే జేజి చీరమూట నెత్తిన పెట్టుకుని, నా భుజం మీద చేయి వేసి, దాంట్లో చతికిలబడింది. వెనుకే నాయనా ఎక్కాక ఓబులేసు గెడ వేశాడు. నీళ్లు పుట్టి అడుగున తోలును తడుతుంటే నా కాళ్ల కింద ఏదో బతికున్న జీవి ఉన్నట్టు అనిపించింది. జేజి కళ్లు మూసుకుని ఒక చేత్తో మూటను, ఇంకో చేత్తో నన్నూ పట్టుకుంది. మూట మీది పట్టే గట్టిగా ఉంది.

కారులో ముందు సీటు జేజిది. చక్రాలకు మళ్లీ గాలి కొట్టుకుని రాత్రంతా కారులోనే పడుకున్న మాబుమామ హ్యాండిల్ తిప్పి ఎక్కాడు. దారంతా దుమ్ము, గతుకులు, జొన్నచేలు, అక్కడక్కడా చెనిక్కాయ పీకుతున్న కూలీలు, కారును చూసి పరుగెత్తుకొచ్చే పిల్లలు. వేరే రోజైతే నేను ఆ కిటికీని వదిలేదాన్ని కాదు. ముద్దనూరు రైలు గేటు వేసి ఉంది. గూడ్సుబండి రాలేదు, గేటు తీయలేదు. ఎండ ముదిరేకొద్దీ జేజి చూపు పొద్దు మీదికీ, గేటు మీదికీ తిరుగుతూనే ఉంది. చింతపిక్కల లెక్కలో గేటు ఉంది కానీ అది మూసి ఉండటం లేదు. "మాబూ, ఇంగ ఎంతసేపురా?" అని మాటిమాటికీ అడిగింది. మాబుమామ దిగిపోయి పట్టాల మీద చెవి పెట్టి విని వచ్చి, "వస్తాండాదమ్మా, వస్తాండాది" అనేవాడు. పెద్దామెకు అబద్ధం చెప్పడం ఆయనకు ఇష్టం లేదు, నిజం చెప్పే ధైర్యమూ లేదు.

పులివెందులలో ఆ ఇంటి ముందు దిగేసరికి ఎండ నడినెత్తి నుంచి వాలింది. లోపల ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. నట్టింట పీట మీద చిన్నజేజి, చేతులకు గాజులు లేవు, నుదురు బోడిగా ఉంది, తల వంచుకుని ఉంది. ఆమె వెనుక అత్తింటి వైపు పెద్దామె ఒకతె వేరే చీర విప్పి పట్టుకుని నిలబడి, "ఎంతసేపని కాసుకుంటామ్మా, ఏరొచ్చిందంట, వాళ్లు యాడొస్తారు" అంటోంది. చిన్నజేజి తల ఎత్తకుండానే "మా యక్క వస్తాది" అంది. ఆ మాట ఆమె ఎన్నిసార్లు అనిందో ఏమో, గొంతు బొంగురుపోయింది.

జేజి మోకాళ్లు ఆ క్షణాన ఎట్లా పనిచేశాయో నాకు తెలియదు. నా చేయీ నాయన చేయీ వదిలేసి, గుంపును తోసుకుని పోయి, దుమ్ము కొట్టుకుపోయిన మూట విప్పి, గంజి బిరుసు పోని ఆ చీరను చెల్లెలి భుజాల మీద కప్పింది. కప్పి, రెండు చేతులూ తీయకుండా అట్లాగే ఉండిపోయింది. చిన్నజేజి ఆ చేతుల మీద మొగం పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. ఆ వెనుక నిలబడ్డ పెద్దామె తన చేతిలోని చీర మడత పెట్టుకుంది. నేను స్తంభం చాటున నిలబడి నవ్వకూడదని, ఏదీ అడగకూడదని తలచుకుంటూ వెక్కిళ్లు పట్టి ఏడ్చాను.

నీడలు పొడుగవుతుండగా నాయన సైగ చేశాడు, పోవాలని. మేం లేచాం. నేను ఆ నేర్పిన మాటలన్నీ ఒకదాని వెనుక ఒకటి గుర్తు చేసుకుంటూ గోడ వైపే చూస్తూ గడప దాటాను. నాయన దాటాడు. జేజి గడప మీద కాలు పెట్టి ఆగింది. నట్టింట మూలన చిన్నజేజి ఒక్కతే కూర్చుని ఉంది, కొత్త చీర భుజాల మీదే ఉంది, వెళ్లేవాళ్లను చూడకూడదు కాబట్టి గోడ వైపు తిరిగి ఉంది. జేజి వెనక్కి తిరిగింది.

"పోయొస్తామ్మే" అంది.

వాకిట్లో ఒకామె నోటి మీద చేయి పెట్టుకుంది. గోడ వైపున్న చిన్నజేజి తిరిగి చూసి, ఇక ఏ కట్టుబాటూ అడ్డు రానట్టు, "రాక్కా" అంది. ఆ ఒక్క మాటే.

కారులో నాయన ఉండబట్టలేక, "ఆ బిడ్డకు అన్ని పొద్దులు చెప్తివి, నువ్వే అంటివేందిమా?" అన్నాడు. జేజి పైటతో కళ్లద్దుకుని, "ఆ మాట గూడా ల్యాకుండా దాన్ని ఎట్ల ఇడ్సిపెట్టి వచ్చేదిరా?" అంది. మాబుమామ తల తిప్పకుండా బండి నడుపుతూ గట్టిగా ముక్కు ఎగబీల్చాడు. గేటు తెరిచే ఉంది. ఏరు కాస్త తగ్గింది. పుట్టి దిగి అందరం బట్టలతోనే మునిగి, నీళ్లు కారుతూ, దీపాలు పెట్టే వేళకు గడప తొక్కాం. జేజి చెప్పిన కట్టుబాట్లన్నీ ఆ రోజు జరిగాయి, ఆ ఒక్క మాట తప్ప.

జేజి మళ్లీ పోలేకపోయింది. సంవత్సరీకానికి పోదామని ఆ బండ మీదే మళ్లీ బొగ్గుగీత గీసి చింతపిక్కలు పెట్టేది. ఈసారి రాత్రి ఉండి రావచ్చు, ఓళిగలు తీసుకుపోవచ్చు, మాబును ఇప్పుడే అడగాలి అనేది. ఆ లోపే ఎండాకాలంలో, ఏట్లో చుక్క నీరు లేని రోజుల్లో, ఎవరైనా నడిచి దాటగలిగే రోజుల్లో, రెండుపూటల జ్వరంతో పోయింది. బొగ్గుగీత బండ మీద అట్లాగే ఉంది. తర్వాతి వాన దాన్ని కడిగింది.

దినాలకు చిన్నజేజి ఇసుకలో నడిచి వచ్చింది, అక్క కప్పిన ఆ నేతచీర కట్టుకుని. పోయేటప్పుడు గడప మీద ఆగి, చంకలో చంటివాడితో నిలబడ్డ మా అమ్మ వైపు తిరిగి "పోయొస్తానమ్మా" అంది. ఈసారి మా ఇంట్లో ఎవరూ నోటి మీద చేయి పెట్టుకోలేదు. అన్నట్టే దోసపండ్ల కాలంలో ఏటేటా వచ్చేది, కాళ్లు నడిచినంత కాలం.

ఆ చంటివాడి కొడుకే మొన్న నన్ను ముద్దనూరుకు తీసుకుపోయాడు. అక్కడ ఇచ్చిన నా ఈడు నేస్తం, చిన్నప్పుడు నాతో ఇసుకలో పిట్టగూళ్లు కట్టినది, మొగుణ్ణి పోగొట్టుకుంది. ప్లాస్టిక్ కుర్చీల్లో అందరం కాసేపు కూర్చున్నాం. వచ్చిన పిల్లలందరూ లేచేటప్పుడు "వస్తాం ఆంటీ" అని, "బై" అని, ఫోన్లు చూసుకుంటూ చెప్పే పోయారు. అనకూడదని వాళ్లకు తెలియదు, తెలియజెప్పేవాళ్లూ లేరు. ఎవరూ ఏట్లో మునగరు, మునగడానికి నీళ్లూ లేవు, పైన డ్యాము కట్టాక ఏరు వాళ్లు వదిలినప్పుడే వస్తుంది. పుట్టి లేదు, ఎద్దులు లేవు, జమ్ము కోసేది దేనికో కూడా నాకు తెలియదు.

నేను అందరికంటే చివర లేచాను. గడప దగ్గర ఆగి, తప్పని తెలిసే, వెనక్కి తిరిగి "పోయొస్తామ్మే" అన్నాను. పిల్లల మాటలకు ఒక్కసారీ కదలని ఆ తల, ఆ మాటకు పైకి లేచింది. ఆ ఇంట్లో ఆ మాట విలువ తెలిసింది మా ఇద్దరికే. అది నన్ను చూసి, "రామ్మే" అంది.